నొక్కని మీట

చౌటుప్పల్ దాటి హైవే మీద నుంచి లోపలికి తిరిగితే ఒక వెంచర్ ఉండేది. తెలంగాణ వచ్చిన కొత్తల్లో వేసిన ప్లాట్లు. ముందర పెద్ద కమాను, లోపల నున్నటి తారు రోడ్లు, సున్నం కొట్టిన హద్దురాళ్లు. ఇళ్లు మాత్రం ఒక్కటీ లేవు. కొన్నవాళ్లంతా ధర పెరిగితే అమ్ముకుందామని చూస్తున్నవాళ్లే తప్ప, అక్కడ బతకాలనుకున్నవాళ్లు కారు. ఆ రోడ్లలో అన్నిటికన్నా వెడల్పాటి దాని మీద నుంచి నేను ప్రతి ఆదివారం విమానం ఎగరేసేవాణ్ణి.

బొమ్మ విమానమే. కానీ ఎవరైనా బొమ్మ అంటే ఆ రోజుల్లో నాకు కోపం వచ్చేది. దాని లోపల మోటారు ఉంటుంది, బ్యాటరీ ఉంటుంది, తోకనూ రెక్కల అంచులనూ కదిలించే అగ్గిపెట్టె కన్నా చిన్న యంత్రాలు ఉంటాయి. కింద నిలబడి, చేతిలోని రిమోట్ మీదున్న రెండు కాడలను బొటనవేళ్లతో నెడితే పైన విమానం ఆ ప్రకారం తిరుగుతుంది, లేస్తుంది, దిగుతుంది.

నేను అక్కడి మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు చూసుకునేవాణ్ణి. నా భార్య ఒక ప్రైవేటు బడిలో ఆరు, ఏడు తరగతులకు సైన్సు చెప్పేది. మాకు పిల్లలు లేరు. ఆదివారాలు ఖాళీగా ఉండేవి. ఫ్యాక్టరీలో నాతో పనిచేసే ఒకతను ఒకరోజు టీ తాగుతూ ఫోన్లో ఇలాంటి విమానాల వీడియో చూపించాడు. అంతే, ఆ పిచ్చి పట్టుకుంది.

మొదటి విమానాన్ని నేనే ఎంచుకున్నాను. యుద్ధవిమానం ఆకారం, ముక్కు మీద సొరచేప పళ్ల బొమ్మ. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది పనికిరాదని దాని డబ్బా మీదే రాసి ఉంది. నేను డబ్బా మీది బొమ్మ చూశాను గాని రాత చదవలేదు.

వెంచర్‌కు కాపలా ఉండే ముసలాయన తిరుమలగిరి వైపు నుంచి వచ్చిన సాయిబు. మేమిద్దరం ఆయన్ను చాచా అనేవాళ్లం. కమాను నీడలో నులకమంచం వేసుకుని ఉండేవాడు. మొదటిరోజు లేచి వచ్చి విమానం చుట్టూ ఒకసారి తిరిగాడు.

“ఏంది సార్ గిది? గాలిమోటరా?”

“అవును చాచా.”

“గీ ప్లాట్లు చూడనీకె కార్లల్ల వస్తరు, జీపులల్ల వస్తరు. గాలిమోటర్ల వచ్చిన గిరాకీ నువ్వే ఫస్టు.”

విమానం రోడ్డు మీద పరుగెత్తి లేచింది. లేచిన వెంటనే ఒక పక్కకు బొర్లి, నేను ఏ కాడ నెట్టానో నాకే తెలియకముందే ముక్కుతో నేలను పొడిచింది.

చాచా నెమ్మదిగా అడిగాడు, “సార్, గిది దిగుడా, పడుడా?”

నా భార్య పడీపడీ నవ్వింది. నవ్వుతూనే వెళ్లి ముక్కలన్నీ చున్నీలో ఏరుకొచ్చింది. పళ్ల బొమ్మ ఉన్న ముక్క ఒక్కటే బాగుంది.

రెండోదాన్ని ఆమె ఎంచుకుంది. పరీక్ష పేపర్లు దిద్దాక కూర్చుని ఫోన్లో రోజుల తరబడి చదివింది. చివరికి నా ముందుకు వచ్చి, “గద్దలెక్క ఉన్నది మనకొద్దు. కొంగలెక్క ఉన్నది కావాలె. కొంగకు తొందరుండది” అంది. ఆమె చూపించినదానికి రెక్క ఒంటికి పైభాగాన ఉంది, రెండు కొసలూ కొంచెం పైకి లేచి ఉన్నాయి. “గిట్లుంటే పక్కకు ఒరిగినా దానంతటదే సర్దుకుంటది. నువ్వు చేతులు తీసేసినా పోతనే ఉంటది” అని క్లాసులో చెప్పినట్టు అరచేతితో చూపించింది.

దాన్ని మేమే కట్టాం. అంటే ఆమె కట్టింది, నేను పక్కన ఉన్నాను. బాల్సా అనే తేలికైన చెక్క పలకలుగా వస్తుంది. గోటితో నొక్కితే గుంట పడుతుంది, బ్లేడుతో కోయవచ్చు. నేల మీద నక్షా పరిచి, దాని మీద పలచటి ప్లాస్టిక్ కాగితం వేసి, రెక్కకు పక్కటెముకల్లాంటి ముక్కలను గుండుసూదులతో ఒక్కొక్కటే నిలబెట్టి గమ్ముతో అతికించాలి. నాకు ఓపిక తక్కువ. గమ్ము ఆరకముందే ఎత్తి చూడబోయేవాణ్ణి. “ఏందయ్యా, అన్నం ఉడకకముందే మూత తీసినట్టు!” అని నా చేతి మీద కొట్టేది. అస్థిపంజరం తయారయ్యాక దాని మీద రంగు రేకు లాంటి పొర కప్పి ఇస్త్రీ చేయాలి. వేడి తగలగానే ఆ పొర ముడతలన్నీ పోయి డప్పు చర్మంలా బిగుసుకుంటుంది. ఎక్కువ వేడైతే రెక్క మెలిపడుతుంది. ఆమె ఇస్త్రీపెట్టెను చెంప దగ్గర పెట్టుకుని వేడి చూసుకునేది. పైన పసుపు, కింద నల్ల పట్టీలు. ఆకాశంలో తిరగబడితే తెలియాలి కదా, అందుకు.

చివరన తూకం. రెండు చూపుడువేళ్లు రెక్క కింద పెట్టి విమానాన్ని ఎత్తాలి. ముక్కు రవ్వంత కిందికి వాలితే మంచిది. తోక వాలితే అది ఎగరదు, ఎగిరినా బతకదు. ఆమె తన రెండు వేళ్ల మీద ఆ పసుపు విమానాన్ని నిలబెట్టి ఊపిరి బిగబట్టింది. అది కదలకుండా నిలబడింది. ఆ రెండు వేళ్లూ నాకిప్పటికీ కళ్లముందున్నాయి. తిన్నగా, సన్నగా, గోళ్ల కింద గమ్ము మరకలతో.

పసుపు విమానం ఎగిరింది. దాని మీద నేను నేర్చుకున్నాను. నేర్చుకుంటూ తుమ్మచెట్టుకు తగిలించాను, కరెంటు స్తంభం పక్కన పడేశాను, ఒకసారి చాచా మంచం కిందికి దూర్చాను. ప్రతిసారీ ఆమె అతికించింది. విరిగిన చోట అతికించిన చెక్క మొదటిదాని కన్నా గట్టిగా ఉంటుందని చెప్పేది. అట్లా చాలా ఆదివారాలు గడిచాక, ఒకరోజు విమానం డబ్బాలో పెడుతూ అడిగింది.

“నాకెప్పుడు నేర్పుతవు?”

ఇక్కడ నా గురించి ఒక సంగతి చెప్పాలి. పెళ్లైన కొత్తలో ఆమెకు స్కూటీ నేర్పుతానని వెనక కూర్చుని, ఆమె భుజాల మీదుగా చేతులు చాచి హ్యాండిల్ నేనే పట్టుకున్నాను. నెల గడిచినా ఆమెకు రాలేదు. పుట్టింటికి వెళ్లినప్పుడు వాళ్ల తమ్ముడు ఒక్క సాయంత్రంలో నేర్పించాడు. “వాడేం చేసిండు?” అని అడిగితే “వాడు దిగిపోయిండు” అని నవ్వింది. అప్పుడు నేను కూడా నవ్వాను. నవ్వాల్సిన మాట కాదని చాలా ఆలస్యంగా తెలిసింది.

విమానం నేర్పడానికి ఒక పద్ధతి ఉంది. రెండు రిమోట్లను ఒక తీగతో కలుపుతారు. ఒకటి నేర్పేవాడి చేతిలో ఉంటుంది, ఇంకొకటి నేర్చుకునేవాళ్ల చేతిలో. నేర్పేవాడి రిమోట్ అంచున ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకున్నంతసేపూ విమానం నేర్చుకునేవాళ్ల మాట వింటుంది. వేలు తీస్తే మీట వెనక్కి వచ్చేస్తుంది, విమానం మళ్లీ నేర్పేవాడిదవుతుంది. పక్కనున్నవాళ్లకు ఆ మీట కనబడదు. అది నొక్కి ఉందో లేదో దాని మీద వేలున్నవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

మొదటిరోజు నేను విమానాన్ని బాగా ఎత్తుకు తీసుకుపోయి మీట నొక్కాను. “ఇప్పుడు నీదే” అన్నాను. ఆమె కుడికి తిప్పింది. రెక్క ఒరిగింది, ముక్కు కిందికి దిగసాగింది. కొత్తవాళ్లు ఎవరు తిప్పినా అంతే. కింద బోలెడు గాలి ఉంది, ఆమె కాడను కొంచెం వెనక్కి లాగితే సరిపోయేది. నేను ఆగలేదు. నా వేలు మీట మీద నుంచి లేచిపోయింది. విమానాన్ని సరిచేశాను.

“ఏమైంది?” అంది ఆమె, కళ్లు ఆకాశం మీద నుంచి తీయకుండా.

“ఏం కాలే. మంచిగనే తిప్పినవ్.”

“ఇంక నాదేనా?”

“నీదే.”

ఆ మాట అబద్ధం. నా వేలు మళ్లీ మీట మీదికి పోలేదు. “ఎడమకు తిప్పు” అన్నాను, అంటూ నేనే తిప్పాను. విమానం తిరిగింది. ఆమె చిన్నపిల్లలా కేక వేసింది. చాచా మంచం మీద నుంచే చప్పట్లు కొట్టాడు. “షాబాష్ అమ్మా! సార్ కంటె నువ్వే నయం!” అన్నాడు. ఆమె మొహం చూశాక నిజం చెప్పడం నావల్ల కాలేదు. వచ్చేవారం నొక్కుదాం అనుకున్నాను.

వచ్చేవారం నొక్కలేదు. ఆ తర్వాత కూడా నొక్కలేదు. ఆ ఏడాదంతా ఆమె నా పక్కన నిలబడి, తీగ కొసన ఉన్న రిమోట్ పట్టుకుని, ఏమీ చేయని కాడలను కదిలించింది.

విమానం విరుగుతుందని భయం, అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. అది సగమే నిజం. అప్పటిదాకా విరిచినవన్నీ నేను విరిచినవే, అతికించినవన్నీ ఆమె అతికించినవే. ఆమె విరగ్గొట్టి ఉంటే మళ్లీ ఆమే అతికించుకునేది, నాకు పోయేది ఏమీ లేదు. మిగిలిన సగం చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఫ్యాక్టరీలో పైవాళ్లు అన్నది కిందివాళ్లకు అనడమే నా పని. నేను అనుకున్నట్టు తిరిగేది ఈ లోకంలో ఆ పసుపు రెక్క ఒక్కటే. దాన్ని పంచుకోలేకపోయాను. పంచుకోలేనని చెప్పే ధైర్యమూ లేకపోయింది. అందుకని పంచుకున్నట్టు నటించాను. అది ఆమె మీద ప్రేమ అని కూడా కొన్నాళ్లు నమ్మాను.

అన్నిటికన్నా నన్ను తినేసే సంగతి ఇంకొకటి ఉంది. కంటి కొసతో నేను ఆమె చేతులు చూసేవాణ్ణి. మొదట్లో నేను చెప్పాక ఆమె వేలు కదిలేది. కొన్నాళ్లకు నేను చెప్పకముందే కదలడం మొదలైంది. విమానం మనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, అక్కడే అందరూ తడబడతారు. ఆమె తడబడడం మానేసింది. గాలి కొట్టి రెక్క లేస్తే నాకన్నా ముందు ఆమె వేలు సర్దేది. ఆమెకు విద్య వచ్చేసింది. తనకు వచ్చిందని ఆమె అనుకుంటోంది, నిజంగానే వచ్చింది. ఆ రెండింటి మధ్య నా వేలు ఒక్కటే అడ్డం. అది చూసి కూడా నేను నొక్కలేదు.

బడిలో గాలి గురించి పాఠం వచ్చింది. రెక్క ఎట్లా లేస్తుందో చెబుతూ, తాను విమానం నడుపుతానని ఏడో తరగతి పిల్లలకు చెప్పింది. వాళ్లు నమ్మలేదు. నమ్మాక వదల్లేదు. ఒక ఆదివారం పొద్దున వాళ్ల అమ్మానాన్నలను ఒప్పించుకుని, ఇద్దరు టీచర్లతో కలిసి ఆటోల్లో వెంచర్‌కు వచ్చారు. చాచా అందరినీ కమాను నీడలో వరసగా కూర్చోబెట్టాడు. “లేస్తే చూడు! గాలిమోటర్ మీదికొస్తే నాకు జిమ్మేదారి లేదు!” అని బెదిరించాడు.

“టీచర్, నిజంగ మీరే నడుపుతరా?”

“సారు లేపుతడు, టీచర్ నడుపుతది, అంతేనా టీచర్?”

“టీచర్, పల్టీలు కొట్టియ్యున్రి!”

ఆమె పొద్దున్నే తలస్నానం చేసి, ఆకుపచ్చ నేత చీర కట్టుకుంది. మామూలుగా మైదానానికి డ్రస్సులోనే వచ్చేది. ఆ రోజు టీచర్‌గా వచ్చింది.

నేను విమానం లేపాను. “నీదే” అన్నాను. ఆమె మొదలుపెట్టింది. పెద్ద చక్కరు, చిన్న చక్కరు, పిల్లల తలల మీదుగా పోనిచ్చి మళ్లీ తిప్పడం. పిల్లల అరుపులకు తుమ్మచెట్టు మీది పిట్టలన్నీ లేచిపోయాయి. అప్పుడు గాలి మారింది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. చీర కుచ్చిళ్లు తీగకు చుట్టుకున్నాయో, అడుగు కింద తీగ పడిందో, తీగ కొస ఆమె రిమోట్ నుంచి ఊడి కింద పడింది.

విమానం హాయిగా ఎగురుతూనే ఉంది. ఎడమకు తిరిగింది. కుడికి తిరిగింది.

ఆమె తల వంచి తీగను చూసింది. తల ఎత్తి విమానాన్ని చూసింది. నా వైపు చూడలేదు.

కొంగు ముందుకు లాక్కుని రిమోట్ మీద కప్పింది, ఎండ పడుతోందన్నట్టు. తీగ కొసను చెప్పు కింద తొక్కిపెట్టింది. విమానం దిగేదాకా కొంగు కింద వేళ్లు కదిలిస్తూనే ఉంది. నేను దింపాను. చక్రాలు రోడ్డును తాకగానే పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. ఇద్దరు ఆడపిల్లలు వచ్చి ఆమె నడుమును పట్టేసుకున్నారు. ఆమె వాళ్ల తలలు నిమిరి, “చాలు, ఎండ అయితాంది, ఇండ్లకు పోండ్రి” అంది.

బండి మీద ఇంటికి వస్తున్నంతసేపూ రెక్కను ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. వంట చేసింది, నాకు వడ్డించింది. నేను చేయి కడుక్కుంటుంటే వంటింటి గడపలో నిలబడి అడిగింది.

“ఎప్పటిసంది?”

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. ఆమె అరవలేదు, ఏడవలేదు, అడిగింది అంతే.

“ఇయ్యాల్నే” అన్నాను. “పిల్లలు చూస్తాన్రు గదా, ఏమన్న అయితే నీకే ఇజ్జత్ పోతదని.”

ఆమె నా మొహం కేసి కొంచెంసేపు చూసింది. “సరే” అంది. పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మళ్లీ వెంచర్‌కు రాలేదు. నేను విరిచి తెచ్చినవి మాత్రం ఎప్పటిలాగే అతికించి ఇచ్చేది. ఒకసారి చాచా అడిగాడు, “సార్, అమ్మ వస్తలేదేంది? తబియత్ మంచిగలేదా?”

“బడి పనులున్నయ్ చాచా.”

“తోల్కరా సార్. ఆమె దించినప్పుడే మంచిగ దిగుతుండె. నువ్వు దించితే ధన్ మని పడతది.”

అప్పుడు దింపింది కూడా నేనే. పక్కన ఆమె ఉన్నప్పుడు బాగా దింపేవాణ్ణేమో.

బడిలో పిల్లలు ఆమెకు గాలిమోటర్ టీచర్ అని పేరు పెట్టారు. ముద్దుగానే. బజారులో కూరగాయల దగ్గర కనబడినా “అమ్మా, గాలిమోటర్ టీచర్!” అని వాళ్ల అమ్మలకు చూపించేవాళ్లు. ఆమె నవ్వేది. ఏ క్లాసులోనూ అది నిజం కాదని చెప్పలేదు, మళ్లీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తనూ లేదు. ఆ పేరును ఆమె ఎట్లా మోసిందో నాకు తెలియదు. నేను పెట్టించిన పేరు అది.

కొన్నేళ్లకు పొద్దున లేవగానే ఆమె వేళ్లు ముడుచుకునేవి కావు. చన్నీళ్ల పని వల్ల అనుకున్నాం. తర్వాత కణుపులు వాచాయి. సుద్దముక్క చేతిలోంచి జారడం మొదలైంది. నల్లగొండలో చూపించాం, హైదరాబాద్ దవాఖానల చుట్టూ తిరిగాం. కీళ్లవాతం అన్నారు, ముదరకుండా ఆపవచ్చు గాని పోయేది కాదన్నారు. మాత్రలు వేసుకుంది, కడుపు మండితే మానేసింది, మళ్లీ వేసుకుంది. బడి మానేసింది. ఇస్త్రీపెట్టె ఎత్తలేకపోయింది. చపాతి పిండి నేను కలపడం నేర్చుకున్నాను. నేర్పేటప్పుడు ఆమె నా చేతులు పట్టుకోలేదు. పక్కన స్టూలు మీద కూర్చుని, నీళ్లు ఎక్కువైనా ఏమీ అనకుండా చూసింది. పిండి పాడైంది. “మల్ల కలుపు” అంది. అంతే.

ఈలోగా వెంచర్‌లో ఇళ్లు లేచాయి. మా రోడ్డు మీద కార్లు ఆగసాగాయి. చాచా బిడ్డ దగ్గరికి వెళ్లిపోయాడన్నారు. పసుపు విమానం బీరువా మీద పాత దుప్పటి కింద ఉండిపోయింది.

ఈ ఏడు ఎండలు ముదరకముందు దాన్ని దించాను. కొత్త బ్యాటరీ వేశాను. బ్యాటరీ మారితే తూకం మళ్లీ చూడాలి. నా వేళ్ల మీద నిలబెట్టాను గాని నా మీద నాకు నమ్మకం కుదరలేదు. అలవాటుగా ఆమె దగ్గరికి తీసుకుపోయాను. ఆమె రెండు చూపుడువేళ్లు చాచింది. అవి రెండూ రెండు వైపులకు వంగి ఉన్నాయి. విమానం నిలబడలేదు, పక్కకు జారింది, నేను పట్టుకున్నాను.

“తూకం సరిగనే ఉన్నది. నా వేళ్లే వంకర” అంది.

ఆ మాట మామూలుగానే అంది. నేను విమానాన్ని పట్టుకుని నిలబడిపోయాను. ఆ వేళ్లు తిన్నగా ఉన్నప్పుడు, విద్య వచ్చి ఉన్నప్పుడు, ఒక ఏడాది పాటు ప్రతి ఆదివారం నా పక్కనే ఉన్నాయి. వాటికి ఏమీ అడ్డం లేదు, నేను తప్ప.

దేవరకొండ దగ్గర మా అక్కావాళ్లకు చెలక ఉంది. ఆముదాలు తీసేశాక ఎర్రటి నేల బయలుగా పడి ఉంటుంది. దూరాన దుర్గం కొండ కనబడుతుంది, తూర్పున బత్తాయి తోటలు. ఒకరోజు ఎండ చల్లబడ్డాక ఆమెను అక్కడికి తీసుకుపోయాను. గట్టు మీద కూర్చోబెట్టి ఆమె చేతిలో రిమోట్ పెట్టాను.

ఆమె అటూ ఇటూ చూసింది. “ఇంకోటేది? తీగేది?”

“తేలే.”

“మరి నువ్వు?”

“నేను ఇసురుత. గంతే.”

“పడిపోతే?”

“పడిపోతది.”

ఆమె రిమోట్‌ను తిప్పి చూస్తూ కూర్చుంది. చెప్పాల్సింది అప్పుడైనా చెప్పాలి.

“ఆనాడు నువ్వు అడిగితే ఇయ్యాల్నే అన్న. అబద్ధం. మొదటిసంది నేనే.”

చెలక అవతల ఎవరో మేకలను అదిలిస్తున్నారు.

“మొదటి దినం ఒకసారి కుడిదిక్కు ఒరిగింది” అంది. “కిందికి దిగబోయింది. నువ్వు గుంజుకున్నవ్. గది గూడ నాది కాదా?”

ఆమె మొహంలో కోపం లేదు. జవాబు కోసం భయపడుతున్నట్టు ఉంది. ఇన్నేళ్లూ ఆమె దాచుకున్నది ఆ ఒక్క ఒరగడమే అని అప్పుడు అర్థమైంది.

“గది నీదే” అన్నాను. “ముమ్మాటికి నీదే.”

“సరే. ఇసురు.”

గాలికి ఎదురుగా కొంచెం పరుగెత్తి విసిరాను. ఆమె బొటనవేళ్లు వంగవు. చూపుడువేలి పక్కతో కాడను నెట్టింది. విమానం తూలింది, సర్దుకుంది, లేచింది. ఎడమకు తిప్పింది. నా మలుపుల కన్నా పెద్ద మలుపు, నిదానమైన మలుపు. పసుపు రెక్క మీద సాయంత్రపు ఎండ పడింది. చెలక చుట్టూ ఒక చక్కరు పూర్తిగా తిరిగి మా తలల మీదికి వచ్చింది. నా చేతులు ఊరికే వేలాడుతున్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రెండో చక్కరులో పడమటి గాలి లేచింది. విమానం తూర్పుకు పోతోంది.

“తిప్పు” అన్నాను.

“వేలు కదుల్తలేదు” అంది. వేళ్లు కాడ చుట్టూ బిగుసుకుపోయాయి. నొప్పికి ఆమె పెదవి కొరుక్కుంది. నా రెండు చేతులూ వాటంతట అవే రిమోట్ మీదికి పోయాయి.

“ముట్టకు.”

ఆగిపోయాను.

ఆమె మరోసారి ప్రయత్నించింది. తర్వాత చెయ్యి వదులు చేసి, రిమోట్‌ను ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. విమానం ఒరగలేదు, దిగలేదు. ఎవరూ నడపకుండానే తిన్నగా, కొంగలా, తొందర లేకుండా బత్తాయి తోటల మీదుగా పోయింది. చేతులు తీసేసినా పోతనే ఉంటది అని ఆమె చెప్పింది ఎప్పుడో. అంత బాగా కట్టింది. మొదటిరోజు నేను గుంజుకోకపోయినా అదే సర్దుకుని ఉండేది. ముందు దాని చప్పుడు పోయింది, తర్వాత పసుపు చుక్క కూడా పోయింది.

పొద్దు ఉండగానే తోటల్లోకి వెళ్లి వెతికాం. చెట్ల కింద వంగి వంగి చూస్తుంటే, తోట కాసే ముసలమ్మ కర్ర పట్టుకుని వచ్చింది.

“ఎవలు మీరు? కాయలు తెంపుతాన్రా?”

“లేదవ్వా” అంది నా భార్య. “గాలిమోటర్ పడ్డది గీడ యాడనన్న. చిన్నది. పసుపుపచ్చది.”

“గాలిమోటరా! వాయ్యో, అండ్ల మనుషులు లేకుండ్రి గద?”

“లేరు.”

“మరెవలు పడగొట్టిన్రు? గీ సారా?” అని నన్ను కర్రతో చూపించింది.

“సారు కాదు. నేనే” అంది నా భార్య. వంగినప్పుడు చెదిరిన జుట్టును ముంజేత్తో వెనక్కి తోసుకుంది. “నేనే నడిపిన. నేనే పోగొట్టిన.”

“నువ్వా? నీకు నడుప వస్తదా?”

“ఒక్క చక్కరు నడిపిన.”

ముసలమ్మ నమ్మిందో లేదో గాని, దొరికితే చెట్టుకు తగిలిస్తానని, మళ్లీ వచ్చి చూసుకోమని చెప్పింది. మేము తోట చివరిదాకా వెతికాం. దొరకలేదు.

బస్సులో కిటికీ పక్కన ఆమెను కూర్చోబెట్టాను. రిమోట్‌ను ఒళ్లో పెట్టుకుని, వంకరపోయిన వేళ్లను దాని మీద ఆనించుకుంది. నొప్పి ఎక్కువగా ఉందని మొహం చూస్తే తెలుస్తోంది. రిమోట్ ఇంకా ఆపలేదు. దాని మీద చిన్న దీపం వెలుగుతూనే ఉంది. ఆపనా అని అడగబోయాను. బ్యాటరీ అయిపోతుందని చెప్పబోయాను. రెండూ అనలేదు. చేతులు నా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను.